పగలు షాపు, తెల్లవారుజామున పుస్తకం: పని చేస్తూ డిగ్రీ చదివేవాళ్లు ఇంటితో కలిసి రోజు నడుపుకోవడం ఎలా

పని చేస్తూ దూరవిద్యలో డిగ్రీ కట్టినవాళ్లు టైమ్‌టేబుల్ వేసుకునేటప్పుడు చదువు గంటలే ముందు రాసుకుంటారు. నిద్ర, ఇల్లు ఆ పక్కన ఎక్కడో ఇరికిస్తారు. రెండో వారానికే ఆ కాగితం పనికిరాకుండా పోతుంది. ముందు కదలనివి రాయాలి: నిద్ర, డ్యూటీ, ఇంట్లో మీ తలమీద ఉన్న పని. చదువు వాటి మధ్యలోకి రావాలి, అదీ ఇంట్లోవాళ్లకు తెలిసే రావాలి. ఇంట్లో తెలియని టైమ్‌టేబుల్‌ను మొదట చెడగొట్టేది ఇల్లే. తప్పు వాళ్లది కాదు, వాళ్లకు తెలియదంతే.

హైదరాబాద్‌లో బట్టల షోరూమ్‌లో ఉదయం 11 నుంచి రాత్రి 8 వరకు, వారానికి ఆరు రోజులు పని చేసే మనిషిని తీసుకుందాం. వారానికి 168 గంటలు. డ్యూటీ 54, రానూపోనూ 9, రోజుకు ఏడు గంటల చొప్పున నిద్ర 49, స్నానం, తిండి, బట్టలు, ఇంటిపని రోజుకు రెండున్నర చొప్పున 17.5. ఇవి పోగా 38.5 మిగులుతాయి. ఆ అంకె చూసి సంబరపడకండి. అందులో సగానికి పైగా పావుగంట, ఇరవై నిమిషాల ముక్కలే. ముక్కల్లో పాఠం బుర్రకెక్కదు, ఎక్కినా నిలవదు. కూర్చుని చదవగలిగేది పదకొండు, పన్నెండు గంటలు: పనిరోజుల్లో పొద్దున గంటంపావు చొప్పున ఏడున్నర, సెలవురోజు నాలుగు. డిగ్రీకి అది చాలు, కాకపోతే ఏ వారమూ సున్నా కాకూడదు.

రాత్రి చదువుతామనే మాట మర్చిపోండి. తొమ్మిది గంటలు కౌంటర్ దగ్గర నిలబడ్డ కాళ్లతో పదింటికి పుస్తకం తీస్తే ఒకే పేజీ మూడుసార్లు చదువుతారు. పదింపావుకు పడుకుని ఐదుంపావుకు లేచి, ఐదున్నర నుంచి ఆరూ ముప్పావు వరకు చదవడం మేలు. ఇది ఎక్కడ చెడుతుందంటే రాత్రి భోజనం దగ్గర. ఎనిమిదీ ముప్పావుకు ఇల్లు చేరి, ఆకలి మీద కడుపునిండా అన్నం తిని, టీవీ ముందు కూలబడితే పదకొండు దాటుతుంది. అందుకే సాయంత్రం ఆరింటి టీ వేళకు షాపులోనే ఏదో ఒకటి గట్టిగా తినాలి: ఉడికించిన శనగలు, అటుకుల ఉప్మా, రెండు అరటిపళ్లు. ఇంటికొచ్చాక కాస్త మజ్జిగన్నం చాలు.

"రాత్రి అందరం కలిసి తినే ఆ ఒక్క పూట కూడా పోతుందా?" అని అమ్మ అడుగుతుంది, అడగాలి కూడా. ఇలాంటి షిఫ్టు ఉన్న ఇంట్లో కలిసి కూర్చునే పూటను రాత్రి నుంచి పొద్దున టిఫిన్‌కు మార్చుకోవడం మంచిది. ఏడున్నరకు నాన్న పనికి వెళ్లకముందు, తమ్ముడో చెల్లెలో బడికి బయల్దేరకముందు అందరూ ఇంట్లోనే ఉంటారు. అప్పటికి మీ చదువు అయిపోయి ఉంటుంది, బుర్ర తేలిగ్గా ఉంటుంది. ఇరవై నిమిషాలు చాలు. ఫోన్లు మాత్రం ఫ్రిజ్ మీద. షాపు వాట్సాప్ గ్రూపు రాత్రి తొమ్మిదిన్నర నుంచి పొద్దున తొమ్మిది దాకా మ్యూట్‌లో ఉంటే కొంపలేమీ మునగవు. మేనేజరుకు నిజంగా అవసరమైతే ఫోన్ చేస్తాడు.

ఇక వంటిల్లు. చదువుకునే పిల్లల డబ్బా కోసం అమ్మ నాలుగున్నరకు లేచే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ గంట లెక్క ఏ టైమ్‌టేబుల్‌లోనూ కనపడదు. దాన్ని తగ్గించడం మీ పని. సెలవురోజు గంటసేపు ఇవి చేసి పెట్టుకుంటే వారంలో సగం రోజులు పొద్దున పొయ్యి దగ్గర అన్నం పని ఒక్కటే మిగులుతుంది.

పులిహోర పులుసు: వంద గ్రాముల చింతపండు వేడినీళ్లలో అరగంట నానబెట్టి చిక్కగా గుజ్జు తీయాలి. ఐదారు చెంచాల నువ్వుల నూనెలో ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ వేయించి, గుజ్జు, పసుపు, ఉప్పు వేసి నూనె పైకి తేలేదాకా ఉడికించాలి. తేలకముందే దించితే నీటి అంశం మిగిలి నాలుగైదు రోజుల్లోనే బూజు పడుతుంది. పూర్తిగా చల్లారాక పొడి గాజుసీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు ఉంటుంది. తీసేటప్పుడు తడి చెంచా పెట్టకూడదు. పల్లీలు మాత్రం కలిపే రోజే వేయించుకోండి, పులుసులో మెత్తబడిపోతాయి.

కందిపొడి: గ్లాసు కందిపప్పు, అర గ్లాసు శనగపప్పు, ఎనిమిది నుంచి పది ఎండుమిర్చి, చెంచాడు జీలకర్ర. అన్నీ విడివిడిగా సన్నసెగ మీద వేయించి, చల్లారాకే ఉప్పేసి మిక్సీ పట్టాలి. మంట పెంచితే పప్పు పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, పొడికి పిండివాసన వస్తుంది.

పెరుగన్నం డబ్బాకు గ్లాసు బియ్యం మెత్తగా వండి, గోరువెచ్చని పాలు గ్లాసు, పెరుగు రెండు చెంచాలే కలపండి. మధ్యాహ్నానికి అదే తోడుకుని కమ్మగా ఉంటుంది. పొద్దునే అంతా పెరుగుతో కలిపితే ఒంటిగంటకు పులిసిపోతుంది. ఇక అన్నం పొగలు కక్కుతుండగానే స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించొద్దు. లోపల ఆవిరి నీరై, ఎండాకాలంలో మధ్యాహ్నానికి జిగురొస్తుంది. పళ్లెంలో పరిచి పది నిమిషాలు ఆరనివ్వాలి. చిక్కుడు, బీన్స్, క్యాబేజీ రాత్రే తరిగి డబ్బాలో పెట్టుకోవచ్చు. వంకాయ, ఆలుగడ్డ నల్లబడతాయి కాబట్టి వాటిని పొద్దునే తరగండి.

అమ్మాయిలున్న ఇళ్లలో ఒక మాట చెప్పాలి. ఉద్యోగం, చదువు, పైన అంట్లు కూడా అమ్మాయి మీదే పడి, తమ్ముడు మాత్రం "పదో తరగతి కదా" అని తప్పించుకునే ఏర్పాటు ఉంటే ఈ టైమ్‌టేబుల్ నడవదు. పదో తరగతి చదివే పిల్లాడికి పదిహేను నిమిషాలు గిన్నెలు కడిగితే మార్కులు తగ్గవు.

ఇంటిపనిలో ఐదు పనుల్లో తలా కాస్త చేయి వేసేకంటే ఒక్క పని పూర్తిగా మీ మీద వేసుకోండి. అప్పుడు ఎవరూ గుర్తుచేయక్కర్లేదు, "ఇంట్లో ఏం పట్టదు" అన్న మాటా రాదు. నాన్న బీపీ మాత్రల పని ఇందుకు సరిగ్గా సరిపోతుంది. ఏడు గళ్ల మాత్రల డబ్బా కొని ఆదివారం పొద్దున నింపండి. స్ట్రిప్పు మీద గడువు తేదీ ఉన్న ముక్కను చివరిదాకా కత్తిరించకుండా ఉంచండి. మాత్రలు అయిపోయాక కాదు, ఏడు రోజులకు సరిపడా మిగిలినప్పుడే కొత్తవి తేవాలి. గడిలో మాత్ర మిగిలిపోయి కనిపిస్తే మర్నాడు రెండూ కలిపి వేయించకూడదు. తరచూ మిగులుతుంటే వేళ కుదరడం లేదని అర్థం, డాక్టరును అడిగి వేళ మార్పించండి. ఈ పని వారానికి పది నిమిషాలే, కానీ దాని చుట్టూ నాన్నతో మాట నడుస్తుంది. కళ్లు తిరుగుతున్నాయనో, కాళ్లు వాస్తున్నాయనో ఆయన బయటపెట్టేది అప్పుడే.

పొద్దున తమ్ముణ్నో చెల్లెల్నో పక్కన కూర్చోబెట్టుకుని ఎవరి పుస్తకం వాళ్లు చదువుకోవడం ఇద్దరికీ లాభం. డౌట్లు మాత్రం ఆదివారానికి దాచమనండి, లేకపోతే మీ గంటంపావు వాళ్ల లెక్కలకే సరిపోతుంది. వాళ్ల మార్కులకు మీరు కాపలాదారు కానక్కర్లేదు, ఆ పనికి ఇంట్లో ఇప్పటికే ఇద్దరున్నారు.

గోడమీద పెద్ద గళ్ల తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, పరీక్షలు, అసైన్‌మెంట్ల గడువులు, షాపు రద్దీ రోజులు దానిమీదే ఎర్ర పెన్నుతో రాయండి. ఫోన్‌లో ఉంటే మీకే తెలుస్తుంది. గోడమీద ఉంటే పెళ్లి పిలుపు వచ్చినప్పుడు అమ్మే చూసి చెబుతుంది. బట్టల షాపుల్లో ఆషాఢం, దసరా, సంక్రాంతి ముందు రోజుల్లో సెలవు దొరకదు. ఇగ్నో (ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబరు విడతల్లో జరుగుతాయి. రెండూ ఆషాఢం, సంక్రాంతి గిరాకీకి దగ్గరగానే వస్తాయి. అందుకే తేదీలు రాగానే, కనీసం మూడు వారాల ముందు, యజమానికి కాగితం మీద రాసి ఇవ్వండి. హాల్‌టికెట్ వచ్చాక దాని జిరాక్సు జతచేయండి. బదులుగా ఏ సెలవురోజు పని చేస్తారో అందులోనే రాస్తే ఒప్పుకోవడం తేలిక.

చదువులో ఒక యూనిట్‌కు మూడు పొద్దులు పెట్టుకోండి: రెండు చదవడానికి, మూడోది పుస్తకం మూసి జవాబు రాయడానికి. మూడోది వదిలేసేవాళ్లే ఎక్కువ, పరీక్షలో టైమ్ చాలలేదనేదీ వాళ్లే. ఇగ్నోలో చాలా కోర్సుల్లో అసైన్‌మెంట్‌కు 30 శాతం వెయిటేజీ, పైగా అవి ఇవ్వనిదే పరీక్షకు అర్హత ఉండదు. ఏ విడత పరీక్ష రాస్తున్నారో ఆ విడత అసైన్‌మెంట్ ప్రశ్నపత్రమే డౌన్‌లోడ్ చేసుకోవాలి. పాత ప్రశ్నలకు రాసిన జవాబులు ఎంత బాగున్నా వృథానే. ఇచ్చేముందు ప్రతి పేజీ ఫొటో తీసుకుని, రసీదు దాచండి. 1982లో మొదలైన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరినవాళ్లయితే స్టడీ సెంటర్లో తరగతులు ఏ రోజుల్లో ఉన్నాయో అడిగి, అవీ క్యాలెండర్ మీద రాయాలి. మీ వారపు సెలవు తరగతుల రోజున కాకుండా ఏ మంగళవారమో అయితే చేరిన నెలలోనే షాపులో మార్పించుకోవడానికి ప్రయత్నించండి.

జీతం మొత్తం అమ్మ చేతిలో పెట్టి రోజూ యాభై అడుక్కోవడం మర్యాదగా కనిపిస్తుంది కానీ మూడో నెలకే చిరాకులు మొదలవుతాయి. ఇంటికి ఎంతో ఒకసారి కూర్చుని తేల్చుకుని, ఆ మొత్తం జీతం పడ్డ రోజే ఇచ్చేయండి. చదువు ఖర్చు విడిగా పెట్టాలి. కోర్సు ఫీజు, పరీక్ష ఫీజు, జిరాక్సులు కలిపి ఏడాదికి 9,600 అనుకుంటే నెలకు 800, బ్యాంకులో 12 నెలల ఆర్డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్). పోస్టాఫీసు ఆర్డీ ఐదేళ్లది, మూడేళ్లకు ముందు మూయడానికి వీల్లేదు కాబట్టి ఫీజుకు పనికిరాదు. చీటీలో వేస్తే పాట మీకు కావలసిన నెలలో రావాలని లేదు. అమ్మాయిలకు తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025 ఆగస్టు 15 నుంచి ఇలాంటి పథకం ఉంది. గుర్తింపు కార్డు దగ్గరుంచుకుని జీరో టికెట్ తీసుకోవాలి. మిగిలిన డబ్బు సరే, బస్సు నిండిపోయి ఆపకుండా పోయే రోజులకు ఇరవై నిమిషాలు ముందే బయల్దేరండి.

ఇల్లు ఊళ్లో, గది నగరంలో అయితే ఫోన్‌కు వేళ ఉండాలి. డ్యూటీ దిగి రాత్రి తొమ్మిదిన్నరకు చేస్తే ఊళ్లో సగం నిద్రలో ఉంటారు. పొద్దున బస్‌స్టాప్‌కు నడిచే పది నిమిషాలు నయం. "తిన్నావా" తోనే ఆగిపోకుండా, పొలంలో ఏం పని నడుస్తోంది, గేదె ఈనిందా అని అడిగితే మాట సాగుతుంది. సంక్రాంతికి రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే ఇస్తున్నారు. జనవరి 13 ప్రయాణానికి నవంబరు 14 పొద్దున 8 గంటలకు తెరుచుకుంటాయి. అది తప్పితే బయల్దేరే ముందురోజు తత్కాల్: ఏసీకి 10 గంటలకు, స్లీపర్‌కు 11కు. ఆన్‌లైన్‌లో తత్కాల్ తీయాలంటే ఆధార్ ధ్రువీకరణ కావాలి, అది ముందే చేసిపెట్టుకోండి. టికెట్ ఖాయమయ్యేదాకా ఇంట్లో వస్తానని చెప్పొద్దు. అరిసెలకు బియ్యం నానబోసేస్తారు.

పరీక్షల వారంలో కొత్త యూనిట్లు తెరవకండి, రాసిన జవాబులే తిరగేయండి. ఆ వారానికి మాత్రల డబ్బా పని తమ్ముడికి అప్పజెప్పి, ఎలా నింపాలో ముందు ఆదివారమే దగ్గరుండి చేయించండి. పరీక్షలయ్యాక హాల్‌టికెట్ పారేయొద్దు. ఫలితంలో ఏ పేపరుకైనా గైర్హాజరు అని పడితే, రాశారని చూపించడానికి అదే ఆధారం. మార్కుల మెమో చేతికొచ్చేదాకా ఇంటి కాగితాల ఫైల్లో, రేషన్ కార్డు పక్కన పెట్టండి.