చివరి అక్షరాలు సరిగా వెలగట్లేదంటే మాడ్యూలే పోయిందనుకోకండి

బెజవాడ బీసెంట్ రోడ్డులో ఓ బట్టల షాపుకి ఎల్ఈడీ అక్షరాల బోర్డు పెట్టి నెల తిరగలేదు, ఓనర్ ఫోన్: "ఏమయ్యా, చివరి మూడక్షరాలు గుడ్డిదీపాల్లా ఉన్నాయి!" పగలు అక్కడ నిచ్చెన వేసే జాగా ఎక్కడిది? షాపులు కట్టేశాక రాత్రి పదకొండింటికి ట్రాలీ ఆటోలో వెళ్లాం.

మాడ్యూళ్లు (అక్షరాల లోపల వెలిగే చిన్న ఎల్ఈడీ ముక్కలు) పోయాయనుకుని కొత్తవి పట్టుకెళ్లా. విప్పేముందు ఎందుకైనా మంచిదని మల్టీమీటర్ పెడితే ఎస్ఎంపీఎస్ (మెయిన్ కరెంటుని 12 వోల్టులకి మార్చే పవర్ సప్లై) దగ్గర 12.1 వోల్టులు, చివరి అక్షరం దగ్గర 9.6. మా కుర్రాడు బోర్డంతా ఒకే గొలుసుగా కలిపేశాడు. మాడ్యూల్‌తో వచ్చే వైరు సన్నం. మొత్తం కరెంటు అందులోంచే పోవాలంటే దారిలోనే వోల్టేజీ పడిపోతుంది.

మెయిన్ ఆపి, ఎస్ఎంపీఎస్ నుంచి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు మధ్యకో జత, చివరికో జత నేరుగా లాగాను. ప్లస్సూ మైనస్సూ రెండూ లాగాలి, ఒక్క ప్లస్సే లాగితే సగం పనే. ఇప్పుడు చివర 11.7.

పనిలో పని, 100 వాట్ల ఎస్ఎంపీఎస్ మీద 96 వాట్ల లోడుంది. బెజవాడ ఎండకి అది బతకదు, 150ది వేశా. కొత్త మాడ్యూళ్లు డబ్బాతో సహా వెనక్కొచ్చాయి. వైరు డబ్బులు ఓనర్ ఇవ్వలేదు, నేనూ అడగలేదు.