పాత ఎనామిల్ మీద వాటర్ పెయింట్ వేసే ముందు

కింద ఉన్నది ఎనామిల్, అంటే ఆయిల్ పెయింటేనా ముందు చూసుకోండి, దూది స్పిరిట్‌లో ముంచి తలుపు మూల రుద్దితే రంగు అంటిందంటే వాటర్ పెయింట్, రాలేదంటే దాదాపు ఆయిలే.

రంగులో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న రూల్ 2017 నవంబర్ నుంచే అమల్లోకొచ్చింది, అంతకుముందు వేసిన రంగైతే పొడిగా గీకొద్దు, తడిపి వాటర్ పేపర్‌తోనే (నీళ్లతో వాడే గరుకు కాగితం) రుద్దండి, మాస్క్ మస్ట్, పిల్లల్ని, కడుపుతో ఉన్నవాళ్లని ఆ ఛాయలకే రానివ్వకండి.

వంటింటి తలుపైతే రుద్దడానికి ముందే సర్ఫ్ నీళ్లతో జిడ్డు వదలగొట్టాలి.

రుద్దాక పాత రంగు మెరుపు మొత్తం పోయి వేలికి కాస్త గరుకు తగలాలి.

ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) డబ్బా మీద పాత ఎనామిల్‌కి పనికొస్తుందని రాసుందా చూడండి, షాపతను గోడల ప్రైమర్ చాల్లెండి అంటాడు, వినొద్దు. ముందు తలుపు మీద కొంచెం మేరకే ప్రైమర్ వేసి, బాగా ఆరాక టేప్ అంటించి లాగండి, వేసింది ఊడొస్తే మళ్లీ రుద్దుడే.