కరెంటు ఆఫీసు మెసేజ్ రావడం లేదా? వచ్చినా మన వీధితో పొంతన కుదరడం లేదా?

కరెంటు పోయే ముందు ఫోనుకు కబురు రాలేదనీ, బిల్లు మెసేజ్ ఎన్నడూ చూడలేదనీ చెప్పేవాళ్ళలో చాలామంది ఒక్క పని మాత్రం చేసి ఉండరు. తమ సర్వీసు మీద ఏ ఫోన్ నంబరు నమోదై ఉందో చూసి ఉండరు. యాప్ తీసేసి మళ్ళీ వేసుకుంటారు, ఫోన్ ఆపి ఆన్ చేస్తారు, సిమ్ కంపెనీతో గంటసేపు మాట్లాడతారు. ముందు నంబరు చూడండి. అది సరిగ్గా ఉందని తేలాకే కింద చెప్పే మిగతా కారణాల జోలికి వెళ్ళండి.

ఏ మెసేజూ రాదు, బిల్లుది కూడా

కారణం దాదాపు ఎప్పుడూ నమోదైన నంబరే. ఇల్లు కొన్నవాళ్ళు సర్వీసు పేరు మార్పించుకుంటారు కానీ ఫోన్ నంబరు పాత యజమానిదే మిగిలిపోతుంది. అపార్టుమెంట్లలో అయితే మీటర్లన్నీ ఒకేసారి తీసుకుంటారు కాబట్టి అన్ని ఫ్లాట్లకూ బిల్డర్ నంబరో, పని చేయించిన కాంట్రాక్టర్ నంబరో ఉంటుంది. యజమాని అమెరికాలో ఉండి అద్దెకు ఇచ్చిన ఇళ్ళలో, ఆయన ఎప్పుడో వదిలేసిన ఇండియా నంబరు ఉంటుంది. వదిలేసిన నంబరును టెలికాం కంపెనీ 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు. అంటే మీ బిల్లు వివరాలు నెలనెలా ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి వెళుతూ ఉండొచ్చు.

బిల్లు మీద ఉన్న సర్వీసు నంబరుతో మీ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) యాప్‌లోగానీ వెబ్‌సైట్‌లోగానీ వివరాలు తెరిస్తే నంబరు చివరి అంకెలైనా కనిపిస్తాయి. లేదంటే 1912కి ఫోన్ చేసి, సర్వీసు నంబరు చెప్పి, చివరి నాలుగంకెలు అడగండి. టీజీఎస్పీడీసీఎల్ (తెలంగాణ దక్షిణ ప్రాంత డిస్కం) బిల్లు మీద సర్వీసు నంబరు, యూఎస్‌సీ నంబరు (ఆ సర్వీసుకే ఇచ్చే మరో గుర్తింపు సంఖ్య) విడివిడిగా ఉంటాయి. ఆన్‌లైన్‌లో అడిగేది ఎక్కువగా యూఎస్‌సీ. ఒకదాని చోట ఇంకోటి కొట్టి 'వివరాలు లేవు' అని వదిలేసేవాళ్ళు చాలామంది.

మార్చేటప్పుడు ఓటీపీ పాత నంబరుకే పోతుంటే ఆన్‌లైన్‌లో కుస్తీ పట్టకండి. తాజా బిల్లు, ఆధార్ నకలు, ఒక తెల్లకాగితం అర్జీ తీసుకుని కస్టమర్ సర్వీస్ సెంటర్‌కో, ఈఆర్‌ఓకో (కరెంటు రెవెన్యూ ఆఫీసు) వెళ్ళండి. రశీదు అడిగి తీసుకోండి. ఇంట్లో రెండు మూడు మీటర్లుంటే ప్రతి సర్వీసుకూ విడిగా మార్చాలి. కింది పోర్షన్‌కు మార్చి పై పోర్షన్ మరిచిపోవడం మామూలే. పంపుసెట్టు సర్వీసు సంగతి మరీ అన్యాయం. దానికి ఇంటి కరెంటులా నెలనెలా బిల్లు చూసుకునే అలవాటు ఉండదు కాబట్టి, తాతల కాలం నాటి నంబరున్నా ఎవరికీ పట్టదు. త్రీఫేజ్ సరఫరా వేళలు మారినప్పుడు ఆ కబురు అందక నష్టపోయేది రైతే.

బిల్లు మెసేజ్ వస్తుంది, కరెంటు పోయినప్పుడు మాత్రం రాదు

2020 డిసెంబరు 31న కేంద్రం నోటిఫై చేసిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, ముందుగా అనుకున్న కోతల వివరాలు వినియోగదారులకు తెలపాలి. అనుకోకుండా పోతే వెంటనే ఎస్ఎంఎస్ లాంటి మార్గంలో చెప్పాలి, ఎప్పటికి వస్తుందో అంచనా కూడా ఇవ్వాలి. చెప్పాలంటే ముందు ఆఫీసుకు తెలియాలి కదా. చిక్కు అక్కడే ఉంది.

33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో 11 కేవీ ఫీడర్ (అక్కడి నుంచి మన ట్రాన్స్‌ఫార్మర్లకు కరెంటు తెచ్చే లైను) ట్రిప్ అయితే, అంటే దానంతటదే ఆగిపోతే, అక్కడున్న ఆపరేటర్‌కు వెంటనే తెలుస్తుంది. మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోతేనో, స్తంభం మీద జంపర్ (తీగలను కలిపే ముక్క) ఊడితేనో సబ్‌స్టేషన్‌లో ఏమీ కనిపించదు. ఎవరో ఒకరు ఫోన్ చేసేదాకా ఆఫీసు లెక్కలో మీ వీధికి కరెంటు ఉన్నట్టే. ఆ స్థితిలో మెసేజ్ రాదు, వస్తుందని కూర్చుంటే చీకట్లోనే కూర్చోవాలి.

వీధిలోకి వచ్చి చూడండి. మూడిళ్ళలో రెండింటికి ఉండి ఒకదానికి లేకపోతే, అలాగే వీధంతా వరుస తప్పించి చీకటిగా ఉంటే, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మూడు ఫేజుల్లో (ఇళ్ళకు కరెంటు పంచే మూడు తీగల్లో) ఒకటి పోయినట్టు. అందరికీ లేకపోయినా పక్క వీధికి ఉంటే అదీ చాలావరకు మీ ట్రాన్స్‌ఫార్మర్ బాధే. 1912కి ఫోన్ చేసి సర్వీసు నంబరు, 'ఒక ఫేజ్ లేదు' అన్న మాట, దగ్గరలోని స్తంభం నంబరు చెప్పండి. ఫిర్యాదు నంబరు రాసుకోండి. పక్కింటివాళ్ళు చేసే ఉంటారులే అని అందరూ అనుకుంటే ఎవరూ చేయరు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి మాత్రం ఎవరూ వెళ్ళొద్దు. ఫ్యూజు వేయబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ వార్త ఏటా చూస్తూనే ఉన్నాం.

మెసేజ్ వస్తుంది కానీ కరెంటు పోదు. కరెంటు పోతుంది కానీ మెసేజ్ రాదు

అన్నిటికంటే మోసం చేసేది ఇదే. నంబరు సరిగ్గా ఉంటుంది, బిల్లు మెసేజ్ ఠంచనుగా వస్తుంది, కోత మెసేజులు కూడా వస్తాయి. అందుకని ఎవరికీ అనుమానం రాదు. 'వాళ్ళు పంపేది ఒకటి, జరిగేది ఒకటి' అని విసుక్కుని, జనం మెసేజులు చూడటమే మానేస్తారు.

జరిగేది ఇదీ. ఆఫీసు రికార్డులో మీ సర్వీసు ఒక ట్రాన్స్‌ఫార్మర్ కిందా, ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఒక ఫీడర్ కిందా ఉంటాయి. ఫలానా ఫీడర్‌కు కోత అనగానే ఆ ఫీడర్ కింద ఉన్న నంబర్లన్నిటికీ మెసేజ్ పోతుంది. లోడు పెరిగి మీ వీధికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారనుకోండి. లేదా కొత్త సబ్‌స్టేషన్ వచ్చి పాత ఫీడర్‌ను రెండుగా విడదీశారనుకోండి. స్తంభాల మీద తీగలు ఆ రోజే మారతాయి. రికార్డు మాత్రం ఎవరో కూర్చుని ఒక్కో సర్వీసును కొత్త కోడ్‌కు మార్చేదాకా మారదు. బిల్లింగ్‌కు దీనితో పనిలేదు, అందుకే తప్పు బయటపడదు. మీరు కొత్త ఫీడర్ మీద ఉంటారు, మీ ఫోను పాత ఫీడర్ మీద ఉంటుంది.

పత్రికల జిల్లా పేజీల్లో వచ్చే 'నేడు కరెంటు ఉండని ప్రాంతాలు' కూడా ఇలాగే తప్పుదారి పట్టిస్తుంది. జనం కాలనీ పేరు వెతుక్కుంటారు. ఒకే కాలనీ రెండు ఫీడర్ల మీద ఉండొచ్చు, రోడ్డుకు ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి. చూడాల్సింది ఫీడర్ పేరు.

తేల్చుకోవడానికి ఒక కాగితం చాలు. కరెంటు పోయిన ప్రతిసారీ ఇంతే రాయండి:

తేదీ, పోయిన సమయం, వచ్చిన సమయం, మెసేజ్ వచ్చిందా, అందులో ఏ ఫీడర్ పేరుంది, రోడ్డు అవతల ఇంటికి ఉందా లేదా. మెసేజ్ వచ్చీ కరెంటు పోని రోజులు కూడా రాయాలి, అసలు సాక్ష్యం అవే.

ఒకసారి తేడా వస్తే తొందరపడొద్దు. ఒక ఫీడర్ చెడిపోయినప్పుడు దాని లోడును తాత్కాలికంగా పక్క ఫీడర్ మీదికి మళ్ళిస్తారు, ఆ పూట మెసేజులు తారుమారవడం సహజం. వేర్వేరు వారాల్లో మూడు నాలుగు సార్లు ఒకే రకంగా తప్పితే మాత్రం రికార్డే తప్పు.

అప్పుడు మీ ఇంటికి వచ్చే సర్వీసు వైరు ఏ స్తంభం నుంచి దిగుతోందో చూడండి. ఆ లైను ఏ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బయల్దేరిందో కంటితో వెంబడించండి. ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం మీదో, దిమ్మె మీదో పెయింటుతో కోడ్ రాసి ఉంటుంది. కంచె బయట నుంచే ఫోన్‌లో దగ్గరగా జూమ్ చేసి ఫొటో తీయండి. రెండు లైన్లు కలిసే మలుపు దగ్గర పొరబడే అవకాశం ఎక్కువ, అనుమానముంటే లైన్‌మన్‌ను అడగండి. ఆయనకు నోటికి వచ్చి ఉంటుంది.

ఆ ఫొటో, రాసుకున్న కాగితం, బిల్లు తీసుకుని మీ సెక్షన్ ఆఫీసులో ఏఈని (అసిస్టెంట్ ఇంజినీర్) కలవండి. 'మెసేజులు సరిగా రావడం లేదు' అనకండి, అలా అంటే 1912కి చేయమంటారు. 'మా సర్వీసు రికార్డులో ఏ ట్రాన్స్‌ఫార్మర్ కోడ్ కింద ఉంది?' అని అడగండి. తెర మీద కనిపించిన కోడ్, మీ ఫొటోలోని కోడ్ వేరైతే వాదన అక్కడితో అయిపోతుంది. మీ ఒక్కరి సర్వీసే కాదు, ఆ స్తంభం వరుసలో ఉన్న ఇళ్ళన్నిటి సర్వీసు నంబర్లూ ఒకే అర్జీలో రాసివ్వండి. ఒక ఇల్లు తప్పుంటే వరుసంతా తప్పుండే అవకాశమే ఎక్కువ, లైన్‌మన్ ఒక్కసారి తిరిగితే అన్నీ సరిపోతాయి. సరైనట్టు నమ్మకం కుదరాలంటే తర్వాతి కోత దాకా అదే కాగితం మీద రాస్తూ ఉండండి. నెల దాటినా కదలిక లేకపోతే ఆయన పై అధికారి ఏడీఈకి, ఆపై వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు రాతపూర్వకంగా ఇవ్వొచ్చు.

మెసేజ్‌లో చెప్పిన సమయం కుదరదు

అనుకోని ట్రిప్ అయితే వాళ్ళిచ్చేది అంచనా మాత్రమే, తప్పు ఎక్కడుందో దొరికేదాకా అది మారుతూనే ఉంటుంది. ముందే ప్రకటించిన మరమ్మతు కోత వేరు. విద్యుత్ నియంత్రణ మండలి పనితీరు ప్రమాణాల ప్రకారం అది 12 గంటలు మించకూడదు, సాయంత్రం 6 కల్లా సరఫరా ఇవ్వాలి. ఆరు దాటితే ఫిర్యాదు చేయండి.

ముందే రావడం ఇంకా ప్రమాదం. 'రెండింటిదాకా రాదు' అని మెసేజ్‌లో ఉందని మెయిన్ ఆపకుండా బోర్డు విప్పేవాళ్ళున్నారు. పని పదకొండుకే అయిపోతే, సిబ్బంది ఎల్‌సీ (లైను మీద పనికి తీసుకున్న అనుమతి) తిరిగిచ్చేసి లైన్ చార్జ్ చేస్తారు, అంటే కరెంటు వదులుతారు. మీ ఇంట్లో వైరు ఎవరి చేతిలో ఉందో వాళ్ళకు తెలియదు. మెసేజ్ ఏం చెప్పినా మెయిన్ ఆపాకే చేయి పెట్టాలి.

'ఈ రాత్రి 9:30కి మీ కరెంటు కట్' అని మెసేజ్

పదంకెల మామూలు నంబరు నుంచి వచ్చి, ఫలానా ఆఫీసరుకు ఫోన్ చేయమన్నా, యాప్ వేసుకోమన్నా అది మోసమే. బకాయికి కనెక్షన్ తీయాలంటే 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. సర్వీసు నంబరుతో బకాయి మీరే చూసుకోండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

అరుదైనవి

డీఎన్‌డీ (ప్రకటనల కాల్స్, మెసేజులు వద్దనే సదుపాయం) పెట్టుకోవడం వల్ల కోత, బిల్లు మెసేజులు ఆగవు, అది ప్రకటనలకే. ఆండ్రాయిడ్ మెసేజుల యాప్‌లో స్పామ్ ఫోల్డర్ ఒకసారి చూడండి. కీప్యాడ్ ఫోనైతే ఇన్‌బాక్స్ నిండిందేమో చూసి పాతవి తీసేయండి. నంబరు పోర్ట్ చేసిన కొత్తలో ఒకటి రెండు మెసేజులు తప్పిపోవచ్చు, దానికి చేయాల్సిందేమీ లేదు.