సంక్రాంతి రద్దీకి ముందు లారీ డ్రైవర్లు ఎడమ మోకాలి విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

ధాన్యం లోడ్లు మొదలైన నాటి నుంచి సంక్రాంతి వెళ్లే దాకా 65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్, విజయవాడల మధ్య తిరిగే లారీ డ్రైవరు ఎడమ కాలికి తెరిపి ఉండదు. ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో పోతున్నంతసేపు క్లచ్‌తో పెద్దగా పని పడదు గానీ, పండుగ ముందు రోజుల్లో పంతంగి టోల్ ప్లాజా దగ్గర వాహనాలు బారులు తీరినప్పుడు లారీ పది అడుగులు కదిలిన ప్రతిసారీ క్లచ్ తొక్కవలసిందే. ఈ దారిలో చాలాకాలం పది టైర్ల లారీ నడిపిన నేను, అలాంటి ఒక రాత్రి చౌటుప్పల్ దాటాక టీ తాగుదామని దిగబోతే, ఎడమ కాలు నేల మీద ఆనగానే మోకాలు సహకరించక తలుపు పక్కనున్న కడ్డీ పట్టుకొని కాసేపు అలాగే నిలబడిపోయాను. వయసు మీద పడుతోందనుకున్నాను. నాలుగు రోజుల తరువాత మెకానిక్ చూసి చెప్పేదాకా క్లచ్ బూస్టర్ (పెడల్ తొక్కే బలానికి గాలి సాయం అందించే భాగం) గాలి వదిలేస్తోందని నాకు తెలియలేదు.

అందువల్ల మొదట చూడవలసింది కాలును కాదు, లారీని. పెడల్ తొక్కినప్పుడు మాస్టర్ సిలిండర్ నుంచి వెళ్లే ఆయిల్ ఒత్తిడి బూస్టర్‌ను పని చేయిస్తుంది. అక్కడి నుంచి, క్లచ్ ప్లేటును బిగించి పట్టే ప్రెజర్ ప్లేట్ స్ప్రింగును నెట్టే శ్రమలో ఎక్కువ భాగాన్ని ట్యాంకులోని గాలే భరిస్తుంది. ఆ గాలి దారిలో పోతే, స్ప్రింగు బరువంతా మోకాలి మీద పడుతుంది. దీన్ని కనిపెట్టడం కష్టం కాదు. సమతలమైన చోట లారీ నిలిపి, చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టి, గాలి నిండాక ఇంజను ఆపి, న్యూట్రల్‌లో ఒకరు క్లచ్ తొక్కి పట్టుకుంటే, మరొకరు గేరుబాక్సు పక్క నుంచి చెవి ఒగ్గి వినాలి. కాలు తీసినప్పుడు బుస్సుమనడం మామూలే. తొక్కి పట్టుకున్నంతసేపూ ఆ చప్పుడు ఆగకుండా వస్తుంటే మాత్రం లీకు ఉన్నట్టే. పొద్దున్నే స్టార్ట్ చేసిన వెంటనే, మీటరులో గాలి ఎక్కకముందే గేరు వేయబోయినా పెడల్ రాయిలా ఉంటుంది కాబట్టి ఆ కొద్ది నిమిషాలు ఓపిక పట్టాలి.

నిరుడు మెత్తగా ఉన్న పెడల్ ఈ ఏడు క్రమంగా గట్టిపడిందంటే క్లచ్ ప్లేటు అరిగి ఉండవచ్చు, లేదా పెడల్ పిన్ను, ఫోర్కు షాఫ్టు బుష్‌లు గ్రీజు లేక ఎండిపోయి ఉండవచ్చు. సీజను నడిమధ్యలో ప్లేటు మార్చడానికి గేరుబాక్సు దింపే తీరిక ఎవరికీ దొరకదు కనుక, ఆటోనగర్‌లో ఈ పని ముందే చేయించాలి. డ్రైవరు క్లచ్ గట్టిగా ఉందని చెబితే అతను ఒళ్లు దాచుకుంటున్నాడని ఓనర్లు అనుకోకూడదు; ఒకసారి స్వయంగా సీటెక్కి తొక్కి చూడాలి.

తరువాతది సీటు. పెడల్‌ను చివరంటా తొక్కినప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగి ఉండేలా సీటును జరుపుకోవాలి. మరీ దగ్గరైతే బాగా వంగిన మోకాలితోనే బలమంతా పెట్టవలసి వచ్చి, మోకాలి చిప్ప వెనుక ఒత్తిడి పెరుగుతుంది. మరీ దూరమైతే పెడల్ అందుకోవడానికి నడుము ఎడమకు ఒరిగి, మోకాలితో పాటు వెన్ను కూడా పట్టేస్తుంది. ఇద్దరు డ్రైవర్లు ఉన్న బండిలో, చేతులు మారిన ప్రతిసారీ సీటును ఎవరికి వారు సరిచేసుకోవాలి. వేళ్ల కొసలతో కాక, వేళ్ల వెనుక ఉన్న పాదం భాగంతో, తొడ బలం ఉపయోగించి నిటారుగా తొక్కాలి. జారే చెప్పులతో తొక్కితే పాదం పక్కకు తిరిగి మోకాలు మెలిపడుతుంది కాబట్టి, మడమను పట్టి ఉంచే బూట్లు వాడడం మేలు.

రద్దీలో మోకాలికి అసలైన చేటు క్లచ్ తొక్కి పట్టుకోవడం వల్లే కలుగుతుంది. ముందు బండి ఆగితే న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేక్ వేసి, పాదాన్ని పెడల్ మీద నుంచి పూర్తిగా తీసి కింద పెట్టాలి. ముందు కాస్త జాగా వదిలి, అది పెరిగాక తక్కువ గేరులో ఒకేసారి కదిలితే పది తొక్కుళ్లు రెండు మూడవుతాయి. ఆ జాగాలో కారో ఆటోనో దూరుతుంది నిజమే, దూరనివ్వండి. ఎత్తు మీద హాఫ్ క్లచ్‌తో, అంటే పెడల్ సగం తొక్కి పట్టి, బండిని నిలపకూడదు. ప్లేటూ మాడుతుంది, కాలూ అలసిపోతుంది.

క్యాబిన్ నుంచి దూకడం ఇంకో పొరపాటు. గంటల తరబడి వంగి ఉన్న మోకాలి మీద ఒళ్లు బరువంతా ఒక్కసారిగా పడుతుంది. క్యాబిన్ వైపు ముఖం పెట్టి, కడ్డీ పట్టుకొని, మెట్టు మెట్టుగా దిగాలి. ఐదు గంటల పని దాటకముందే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని, 2025లో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పేది. మోకాలికి మాత్రం రెండు గంటలకొకసారైనా దిగి నాలుగడుగులు వేయడం అవసరం. ఆగిన చోట సీటులోనే కాలు చాపి, తొడ కండరాన్ని ఐదు సెకన్లు బిగించి వదలడం పదిసార్లు చేస్తే కొంత ఉపశమనం ఉంటుంది.

మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొని వేసుకుంటూ ట్రిప్పులు లాగించడం మనలో చాలామందికి అలవాటు. కడుపులో పుండ్లు, కిడ్నీల దెబ్బ ఆ అలవాటు వెంటే రావచ్చు. బీపీ, షుగరు ఉన్నవారికి ముప్పు మరింత ఎక్కువ. మోకాలు వాచినా, మడత పడి తెరుచుకోకపోయినా, నడుస్తుంటే పట్టు తప్పినా ఎముకల డాక్టరుకు చూపించి, రోజుకు ఎన్ని గంటలు నడుపుతున్నారో, ఏ బండి నడుపుతున్నారో కూడా చెప్పాలి. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అది రక్తం గడ్డకట్టిన గుర్తు కావచ్చు. అప్పుడు పిక్కను మర్దన చేయించకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. దానితో పాటు ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ ఉంటే బండిని పక్కకు ఆపి వెంటనే 108కి ఫోన్ చేయాలి.