డీఎల్ఎస్‌డబ్ల్యూతో మెయిన్‌ఫ్రేమ్ ట్రాఫిక్‌ను ఐపీ మీద నడపడం ఎలా?

బ్రాంచిలో పీసీ ఈథర్‌నెట్ మీద ఉంది. డేటా సెంటర్‌లో ఐబీఎం 3745 (మెయిన్‌ఫ్రేమ్ ముందుండే కమ్యూనికేషన్ కంట్రోలర్) టోకెన్ రింగ్ (ఈథర్‌నెట్ లాంటి మరో రకం లాన్) మీద ఉంది. రెండూ ఎస్ఎన్ఏలో (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల నెట్‌వర్క్ భాష) మాట్లాడుకోవాలి, మధ్యలో ఉన్నదేమో ఐపీ. డీఎల్ఎస్‌డబ్ల్యూ (డేటా-లింక్ స్విచింగ్, ఎస్ఎన్ఏ ట్రాఫిక్‌ను ఐపీ మీద మోసే పద్ధతి) ఉన్న సిస్కో రౌటర్లు రెండు చాలు.

1. రెండు రౌటర్లలోనూ లూప్‌బ్యాక్ (ఏ లైనుకూ కట్టుబడని ఊహా పోర్టు) పెట్టి, దాని అడ్రస్‌నే పీర్ ఐడీగా ఇవ్వండి. పీర్ అంటే డీఎల్ఎస్‌డబ్ల్యూతో జతకట్టే రౌటర్. సీరియల్ పోర్టు అడ్రస్ ఎప్పుడూ ఇవ్వొద్దు. ఆ లైను పోతే వేరే దారి ఉన్నా పీర్ కనెక్షన్ పడిపోతుంది.

2. బ్రాంచిలో: "డీఎల్ఎస్‌డబ్ల్యూ లోకల్-పీర్ పీర్-ఐడీ 10.1.1.1", "డీఎల్ఎస్‌డబ్ల్యూ రిమోట్-పీర్ 0 టీసీపీ 10.2.2.2". అవతలి రౌటర్‌లో అడ్రస్‌లు తారుమారు. ఫైర్‌వాల్‌లో టీసీపీ 2065, 2067 తెరవండి.

3. ఈథర్‌నెట్ పోర్టును బ్రిడ్జ్-గ్రూప్ 1లో చేర్చి "డీఎల్ఎస్‌డబ్ల్యూ బ్రిడ్జ్-గ్రూప్ 1" ఇవ్వండి. టోకెన్ రింగ్ వైపు సోర్స్-బ్రిడ్జ్ రింగ్-గ్రూప్ (రౌటర్ లోపలి ఊహా రింగ్) కావాలి.

ఇంత ఎందుకు, నేరుగా బ్రిడ్జింగ్ (రెండు చోట్ల లాన్‌లను ఒకే లాన్‌లా కలపడం) చేస్తే పోలేదా అంటారు చాలామంది. చేయకండి. లాన్ మీద ఎస్ఎన్ఏను మోసే ఎల్ఎల్‌సీ2 ప్రోటోకాల్‌కు ఓపిక తక్కువ. లైను మందగించి జవాబు ఆలస్యమైతే సెషన్ తెగిపోతుంది. డీఎల్ఎస్‌డబ్ల్యూలో ఆ జవాబు పక్కనున్న రౌటరే ఇస్తుంది, మధ్య దూరం టీసీపీ చూసుకుంటుంది.

4. మ్యాక్ అడ్రస్ (లాన్ మీద ఒక్కో పరికరాన్ని గుర్తుపట్టే అడ్రస్). అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి. టోకెన్ రింగ్, ఈథర్‌నెట్ ఒక్కో బైటులోని బిట్లను ఎదురెదురు వరుసల్లో పంపుతాయి. అందుకే 3745 అడ్రస్ 4000.3745.0001 అయితే, ఈథర్‌నెట్ పీసీలో అదే కొడితే సెషన్ రాదు. 0200.ఈసీఏ2.0080 అని కొట్టాలి.

లెక్క కాగితం మీదే వేయండి. అంకెలు హెక్స్‌లో (0 నుంచి 9, తర్వాత ఏ నుంచి ఎఫ్) ఉంటాయి. బైట్ల వరుస కదపొద్దు. ఒక్కో బైటులో రెండంకెల చోటు మార్చి, తర్వాత ఒక్కో అంకెను నాలుగు బిట్లుగా రాసి తిరగేయండి. 37 తీసుకుంటే చోటు మారి 73. 7 అంటే 0111, తిరగేస్తే 1110, అంటే ఈ. 3 అంటే 0011, తిరగేస్తే 1100, అంటే సీ. బైట్లనే వెనక నుంచి ముందుకు రాసినవాళ్లను ఎంతమందినో చూశాను. నేనూ ఒక రాత్రంతా పీర్‌ను తిడుతూ కూర్చున్నాను, తప్పు పీసీలో కొట్టిన అడ్రస్‌ది.

ఇంకో సంగతి: రౌటర్ లోపల, డీఎల్ఎస్‌డబ్ల్యూ ఆదేశాల్లో ఎప్పుడూ టోకెన్ రింగ్ రూపమే. అక్కడ తిరగేయకండి. పీసీలోని ఎమ్యులేటర్ (మెయిన్‌ఫ్రేమ్ టెర్మినల్‌లా పనిచేసే సాఫ్ట్‌వేర్) తానే తిరగేసే రకమైతే మీరు మళ్లీ చేయొద్దు, రెండుసార్లు తిరగేస్తే మొదటికే వస్తుంది.

5. "షో డీఎల్ఎస్‌డబ్ల్యూ పీర్స్"లో కనెక్ట్ అని ఉండి, "షో డీఎల్ఎస్‌డబ్ల్యూ రీచబిలిటీ"లో సెర్చింగ్ అనే తిరుగుతుంటే ముందు నాలుగో మెట్టు చూడండి. "షో డీఎల్ఎస్‌డబ్ల్యూ సర్క్యూట్స్"లో కనెక్టెడ్ అని కనబడితే సర్క్యూట్ నిలిచినట్టే.