తప్పుల్ని కడుపులో పెట్టుకునే గోల్ఫ్ హైబ్రిడ్‌ని ఎలా ఎంచుకోవాలి?

నా గోల్ఫ్ బ్యాగులో నాలుగో నంబరు ఐరన్ (సన్నటి లోహపు తల ఉన్న క్లబ్, అంటే బంతిని కొట్టే కర్ర) ఆరేళ్లు ఉంది. మిగతా ఐరన్ల నిండా గీతలు, గడ్డి మరకలు. దానికి మాత్రం కొన్నప్పటి మెరుపు అలాగే ఉంది. బయటికి తీస్తే కదా! ఎప్పుడైనా ధైర్యం చేసి తీస్తే బంతి మోకాలి ఎత్తులో పరిగెత్తి వంద గజాల దగ్గర చతికిలపడేది. మీ బ్యాగులోనూ అలాంటిది ఒకటి ఉంటే దాని జాగాలో హైబ్రిడ్ (ఐరన్‌కీ, లావుపాటి తల ఉండే వుడ్‌కీ మధ్యరకం క్లబ్) పెట్టుకోండి. ఏ కంపెనీది కొనాలో నేను చెప్పను. ఏం చూసి కొనాలో చెప్తాను.

ముందు తేడా ఎక్కడుందో చూద్దాం. లాంగ్ ఐరన్ (3, 4 లాంటి చిన్న నంబరుది) తల సన్నగా ఉంటుంది, బరువంతా ఫేస్ (బంతికి తగిలే ముఖం) వెనకే ఉంటుంది. లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) తక్కువ కాబట్టి బంతి లేవాలంటే స్వింగ్‌లో మంచి వేగం కావాలి, ఫేస్ మధ్యలో తగలాలి. హైబ్రిడ్ తల లోపల బోలు. బరువు కిందికి, వెనక్కి జరిగి ఉంటుంది. అందుకే బంతి సులువుగా లేస్తుంది. కాస్త పక్కకి తగిలినా తల అంతగా మెలి తిరగదు. తల అడుగుభాగం వెడల్పుగా ఉండటంతో రఫ్‌లో (పొడవాటి గడ్డిలో) కూడా గడ్డికి చిక్కుకోకుండా జారిపోతుంది.

ఇది చేతకానివాళ్ల క్లబ్ అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. గోల్ఫ్‌లో మేజర్లు అనే నాలుగు పెద్ద టోర్నీల్లో పీజీఏ చాంపియన్‌షిప్ ఒకటి. 2009లో దాని చివరి రోజు, అమెరికాలోని హేజల్టీన్ కోర్సులో 18వ హోల్ దగ్గర కొరియా ఆటగాడు వై.ఈ. యాంగ్ దాదాపు 200 గజాల దూరం నుంచి బంతిని జెండా పక్కన పడేసింది హైబ్రిడ్‌తోనే. ఓడింది టైగర్ వుడ్స్. చివరి రోజును ఆధిక్యంతో మొదలుపెట్టిన మేజర్‌ని టైగర్ అంతకుముందు ఎప్పుడూ చేజార్చుకోలేదు.

మొదటి పని: ఏ ఐరన్ తీసేయాలో తేల్చుకోండి

డ్రైవింగ్ రేంజ్‌కి (బంతులు కొట్టి సాధన చేసే మైదానానికి) వెళ్లి 6, 5, 4 ఐరన్లతో తలా పది బంతులు కొట్టండి. దొర్లినంత దూరం కాదు, గాల్లో వెళ్లి పడిన చోటు చూడండి. 5తో కొట్టిన బంతులు, 6తో కొట్టిన బంతులు ఒకే చోట పడుతున్నాయా? అయితే 4తో పాటు 5 కూడా పోవాల్సిందే. ఇక్కడ మొహమాటపడితే హైబ్రిడ్ కొని కూడా లాభం లేదు. బ్యాగులో 14 క్లబ్బులకు మించి ఉండకూడదన్న రూల్ ఉంది కాబట్టి, కొత్తది రావాలంటే పాతది దిగాలి.

రెండోది: నంబరు కాదు, లాఫ్ట్ చూడండి

నేను బోల్తా పడింది ఇక్కడే. 4 ఐరన్ తీసేస్తున్నాను కదా అని, 4 అని రాసి ఉన్న హైబ్రిడ్ కళ్లు మూసుకుని కొన్నాను. తీరా చూస్తే నా 5 ఐరన్‌కీ దానికీ ఒక్క డిగ్రీయే తేడా! తల మీది నంబరుకు ఏ ప్రమాణమూ లేదు. పాత సెట్లలో 5 ఐరన్ 27 డిగ్రీల దాకా ఉండేది, ఇప్పటి సెట్లలో 23కి కూడా దిగింది. హైబ్రిడ్లలో సాధారణంగా 3వది 19, 4వది 22, 5వది 25 డిగ్రీల దరిదాపుల్లో ఉంటాయి.

లెక్క తేలికే. బ్యాగులో మిగిలే ఐరన్లలో అన్నిటికంటే పొడవైనదాని లాఫ్ట్ ఎంతో కంపెనీ సైట్‌లో చూడండి. దానికంటే మూడు నాలుగు డిగ్రీలు తక్కువ ఉన్న హైబ్రిడ్‌తో మొదలుపెట్టండి. రెండింటి మధ్య పది పదిహేను గజాల తేడా వస్తే చాలు. హైబ్రిడ్ షాఫ్ట్ (పొడవాటి కర్ర భాగం) ఐరన్ కంటే ఇంచు దాకా పొడవు ఉంటుంది కాబట్టి, లాఫ్ట్ ఒకటే అయినా బంతి కాస్త ఎక్కువే పోతుంది. రెండు లాఫ్ట్‌ల మధ్య ఊగిసలాడుతుంటే ఎక్కువ లాఫ్ట్ ఉన్నదే తీసుకోండి. మెల్లగా స్వింగ్ చేసేవాళ్లకైతే 19 డిగ్రీల హైబ్రిడ్ కూడా మొండికేస్తుంది.

మూడోది: తల, షాఫ్ట్

క్లబ్‌ని నేల మీద ఆనించి పైనుంచి చూడండి. తల కాస్త పెద్దగా, వెనక్కి లోతుగా ఉంటే తప్పుల్ని ఎక్కువగా కాస్తుంది. కొన్నిటి ఫేస్ ఎడమకి మూసుకున్నట్టు ఉంటుంది. కుడిచేతి వాటంవాళ్లలో బంతి కుడికి వంకర పోయేవాళ్లకు అది వరం, ఎడమకి పోయేవాళ్లకు శాపం. లాఫ్ట్ మార్చుకునే మరలు ఉన్న క్లబ్ అయితే, సాధారణంగా లాఫ్ట్ పెంచేకొద్దీ ఫేస్ కూడా ఎడమకి తిరుగుతుంది. షాఫ్ట్ గ్రాఫైట్‌దే తీసుకోండి. స్నేహితుడు స్టిఫ్ (తక్కువ వంగే గట్టి షాఫ్ట్) వాడుతున్నాడని మీరూ అదే కొనకండి.

నాలుగోది: కొట్టి చూడండి, చెత్త షాట్లు లెక్కపెట్టండి

అసలు పరీక్ష ఇదే. షాపులో మ్యాట్ మీద కొడితే ప్రతి హైబ్రిడ్డూ బ్రహ్మాండంగానే ఉంటుంది. బంతికి రెండంగుళాల వెనక తగిలినా క్లబ్ మ్యాట్ మీద జారి బంతిని లేపేస్తుంది. నిజమైన గడ్డి మీద అదే షాట్ మట్టిని పెళ్లగిస్తుంది. కాబట్టి ఎవరిదైనా అడిగి తీసుకుని కోర్సులోనో, గడ్డి ఉన్న రేంజ్‌లోనో కొట్టండి. కొన్ని బంతులు రఫ్‌లో కూడా పెట్టి చూడండి.

వైట్‌బోర్డ్ మార్కర్ ఒకటి జేబులో వేసుకెళ్లండి. బంతి వెనక, ఫేస్ తగిలే వైపు, పెసరగింజంత చుక్క పెట్టి కొడితే ఆ చుక్క ఫేస్ మీద అచ్చు పడుతుంది. గుడ్డతో తుడిచి మళ్లీ కొట్టండి. నా చుక్కలు చాలావరకు మడమ వైపే (షాఫ్ట్ అతుక్కున్న వైపే) పడ్డాయి, మధ్యలో కొడుతున్నానన్న నా భ్రమ పది నిమిషాల్లో వదిలింది. ఇప్పుడు ఒక్కో క్లబ్‌తో పదిహేను బంతులు కొట్టి, అన్నిటికంటే దరిద్రంగా వెళ్లిన ఐదింటిని మాత్రమే పోల్చండి. ఏ క్లబ్‌తో ఆ ఐదు కూడా గ్రీన్ (జెండా ఉండే నున్నటి గడ్డి) వైపే పోయి, మరీ పొట్టిగా పడకుండా ఉన్నాయో అదే మీది. అన్నిటికంటే బాగా వెళ్లిన ఒక్క షాట్‌ని చూసి మురిసిపోయారంటే డబ్బులు పోయినట్టే.

కొన్నాక దాన్ని ఐరన్‌లాగే కొట్టండి. బంతి రెండు పాదాల మధ్య నుంచి కొంచెం ముందు పాదం వైపు ఉండాలి, క్లబ్ కిందికి దిగుతూ తగలాలి. ఎత్తేద్దామని కింద నుంచి గరిటె తిప్పినట్టు తిప్పితే బంతి నెత్తి మీద తగులుతుంది.

నాలుగైదేళ్ల కిందటి మోడల్ సెకండ్‌హ్యాండ్‌లో దొరికినా నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. ఫేస్ మీద పగుళ్లు లేకుండా, తల ఊపితే లోపల గలగలమనకుండా ఉంటే చాలు.

ఇక పాత 4 ఐరన్ సంగతి. ఒంటరిగా దాన్ని ఎవరూ కొనరు, నేను అడిగి చూశాను. 14లో జాగా మిగిలితే ఉండనివ్వండి. చెట్టుకొమ్మల కింద ఇరుక్కున్న బంతిని నేలబారుగా బయటికి తోయడానికి పనికొస్తుంది. మోకాలి ఎత్తులో పరిగెత్తించడం దానికి ఎలాగూ అలవాటే.