వట్టికాళ్ల పరుగుకు పాదాన్నీ, ఉక్కకు ఒంటినీ సిద్ధం చేసుకోవడం ఎలా?

ఇథియోపియా పరుగువీరుడు అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను వట్టికాళ్లతో 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచారని తెలిసినప్పుడు, బూట్లు విడిచి రోడ్డెక్కాలన్న ఉత్సాహం ఎవరికైనా కలుగుతుంది. అయితే ఆయన సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకు పైగా ఎత్తున్న పీఠభూమిలో సాధన చేసినవారనీ, ఆ పోటీ ఎండ తగ్గిన సాయంత్రం మొదలై చీకటి పడ్డాక ముగిసిందనీ, 1964లో టోక్యోలో ఆయనే బూట్లు తొడుక్కుని అంతకంటే వేగంగా గెలిచారనీ కూడా గుర్తుంచుకోవాలి. కాబట్టి ఆయనను చూసి వెంటనే బూట్లు విడిచేయకండి, ముందుగా సరిచేసుకోవలసింది అడుగు పడే తీరు.

కాలిని బాగా ముందుకు చాచి మడమ మోపితే ప్రతి అడుగూ మన వేగానికి బ్రేకు వేస్తుంది. దీన్ని సరిదిద్దడానికి మునివేళ్ల మీద పరుగెత్తనక్కరలేదు. నిమిషానికి ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కపెట్టి, అదే వేగంలో ఆ సంఖ్యను సుమారు 5 శాతం పెంచితే, అంటే 160 ఉన్నవారు 168కి తెస్తే, పాదం దానంతటదే నడుము కిందికి దగ్గరగా పడుతుంది. అప్పుడు మోకాలి మీద భారం తగ్గుతుంది. పాదం ముందుభాగం మీద దిగడం మొదలుపెడితే మాత్రం ఆ భారం పిక్కల మీదికీ, మడమ వెనుక స్నాయువు మీదికీ మారుతుంది. వట్టికాళ్ల సాధనలో తొందర పనికిరాదని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

మొదటి రెండు వారాలు ఇంట్లోనూ పెరట్లోనూ వట్టికాళ్లతో నడవండి. ఆ తర్వాత రోజువారీ పరుగు చివర, పల్లేరుకాయలూ గాజుపెంకులూ లేని చెరువుగట్టు మీదనో మట్టిబాట మీదనో ఐదు నిమిషాలు మాత్రమే పరుగెత్తి, వారానికి ఒకటి రెండు నిమిషాలు పెంచండి. పొద్దున మంచం దిగి మోపిన తొలి అడుగుకే మడమ నొచ్చినా, పాదం పైభాగంలో ఒకేచోట నొప్పి నిలిచినా వెంటనే ఆపండి. మధుమేహంతో అరికాళ్లకు స్పర్శ తగ్గినవారు దీని జోలికి అసలు పోకూడదు. బహిర్భూమికి వెళ్లే చోట్ల మట్టిలో అరికాలి చర్మం గుండా ఒంట్లోకి చేరే కొంకిపురుగు (హుక్‌వర్మ్) ఉండవచ్చు కనుక అక్కడ బూట్లే మేలు. సముద్రపు ఒడ్డున తడి ఇసుక గట్టిగా ఉన్నా వాలుగా ఉంటుంది. వెళ్లినంత దూరమూ తిరిగి అదే దారిన వస్తే రెండు కాళ్లకూ భారం సమానమవుతుంది.

హైదరాబాద్ పొడిగాలిలో సాధన చేసి విశాఖ తీరానికి వచ్చేవారిని నేల కంటే ఉక్క ఎక్కువగా దెబ్బతీస్తుంది. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది, తేమ గాలిలో అది కారిపోతుందే తప్ప త్వరగా ఆరదు. శరీరం ఇందుకు అలవాటుపడడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. అంత వ్యవధి లేనప్పుడు గడియారాన్ని పక్కనపెట్టి, పక్కవారితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరుగెత్తండి. తల తిరిగినా, మాట తడబడినా నీడలోకి చేరి ఒంటిమీద నీళ్లు పోయించుకుని గాలి విసరమనండి, మాట తడబాటు ఉంటే ఆసుపత్రికి వెళ్లడంలో ఆలస్యం చేయకండి.